మూయని నోరు

మొగుడు ఫిదెన్సియోకి షుగరు తగ్గిందని తెలిసిన రోజు హెర్మిలా ఇంట్లో పండగే అయింది. పదకొండేళ్లుగా మూడువందలకి తక్కువ చూపని మనిషి. పెరట్లో ఒంటేలు పోస్తే చీమలు బారులు తీరేవి. అలాంటిది ఆ ఆగస్టు సోమవారం వేలు పొడిచి చూస్తే మీటరు నూటపది అంది.

"మాత్రలు మానేసినా తగ్గింది చూశావా! నా ఒళ్లంటే ఏమనుకున్నావే?" అన్నాడు.

"నీ ఒంటి గొప్ప నాకు చెప్పకయ్యా. దొంగచాటుగా బెల్లం తినడం మానేసుంటావు."

గురువారానికి డెబ్భై అయింది. ఆదివారం నలభై అయిదు. అప్పుడు హెర్మిలాకి గుండె జారింది. ఆసుపత్రి నర్సమ్మ చెప్పినట్టు గంట గంటకీ బెల్లం నీళ్లు తాగించింది. తాగిన కాసేపు కళ్లు తెరిచేవాడు. మళ్లీ చల్లటి చెమటలు, మళ్లీ అదే మగత. తీపి ఎంత పోసినా ఎటో కారిపోతోంది. ఇలాగే ఇంకో రెండు రోజులైతే మనిషి దక్కడని ఆమెకి అర్థమైపోయింది.

ఇంకొకటి కూడా గమనించింది. ఇంట్లో వాసన. వాన పడ్డ అడవిలో పుట్టగొడుగులు పెళ్లగించినప్పుడు వచ్చే పచ్చి వాసన. పడుకున్న వాడి పాదాలు జరిపి, చాప అంచు ఎత్తి చూసింది.

మట్టినేల లోంచి తెల్లటి దారాలు. వెంట్రుక కన్నా సన్నగా ఉన్నాయి. అన్నీ అతని మడమలు ఆనిన చోటికే వచ్చి ఆగాయి.

"ఏం చేశావయ్యా కొండ మీద?" అంది.

అతను ముఖం తిప్పుకున్నాడు. "ఆ పెద్ద ఒయమెల్ చెట్టు కింద బుట్టెడు పుట్టగొడుగులు దొరికాయే. అంతలో వాన. పరుగెత్తుకొచ్చేశాను. నోరు మూయలేదు."

మలించె కొండ మీద పుట్టగొడుగులు కోసేవాళ్లు కోసిన గుంటని నోరంటారు. ఆకులు, మట్టి కప్పి అరచేత్తో అదిమి గానీ అక్కడినుంచి లేవరు. మర్చిపోతే హెర్మిలా అత్తగారు చెయ్యి మీద ఒక్కటిచ్చేది.

"అంతేనా?"

"అర్జంటయింది... అందులోనే పోసేశాను."

"ఓరి నీ బుద్ధి మండ! నీ ఒంటేలు పాకం కదయ్యా!"

నవ్వు రావాల్సిన మాటే. ఇద్దరికీ రాలేదు. చెట్ల వేళ్లు తవ్వి చూడడానికి వచ్చిన కాలేజీ పిల్లలకి ఫిదెన్సియో మూటలు మోసినప్పుడు వాళ్లు చెప్పింది ఇద్దరికీ గుర్తుంది. ఆకు వండిన చక్కెర వేరుకి దిగుతుంది. వేరుని చుట్టుకున్న బూజుదారాలు చెట్టుకి నీళ్లు తెచ్చిచ్చి ఆ చక్కెర తీసుకుంటాయి. అవి లాగేకొద్దీ పైనుంచి దిగుతూనే ఉంటుంది. కానీ ఆ ఒయమెల్‌ని పోయినేడే బెరడు పురుగు తినేసింది. ఆకంతా ఎర్రబడి రాలింది. పైన వండేవాళ్లు లేరు. కింద ఆకలి మాత్రం అలాగే ఉంది.

దానికిప్పుడు ఇతని రుచి తెలిసింది.

నాలుగు బెల్లం దిమ్మలు కొంగున కట్టుకుని హెర్మిలా కొండెక్కింది. మిట్టమధ్యాహ్నమే. అయినా మంచు దిగి చెట్ల మొదళ్లు తప్ప ఏమీ కనబడలేదు. పిట్ట పలకలేదు. పైకెళ్లేకొద్దీ నేల మెత్తబడింది, అడుగు వేస్తే పాదం దిగబడి, తీస్తే చప్పరించినట్టు చప్పుడయింది. ఒయమెల్ ఎండి నిలబడి ఉంది. దాని కింద...

నోరు తెరిచే ఉంది.

మోకాళ్ల మీద కూర్చుంది. "ఆయన్ని వదిలెయ్," అని గుసగుసగా అంది. "ఇదిగో... ఇది తిను."

ఒక దిమ్మ వేసింది. కదలిక లేదు. ఇంకోటి వేసింది. లోపల ఏదో సన్నగా చిట్లినట్టు... పట్టుకుని లాగినట్టు... రెండు దిమ్మలూ కిందికి దిగిపోయాయి. మూడోది చేతిలోంచే జారిపోయింది. ఆమె వదల్లేదు. జారిపోయింది.

వంటింట్లో ఎప్పుడూ చేసేదే చేసింది, అలవాటు కొద్దీ. వేళ్లకంటిన బెల్లం నాకేసింది. ఆ ఎంగిలి చేత్తోనే ఆకులు కప్పి అదిమింది. వెనక్కి చూడకుండా దిగింది.

ఇంటికొచ్చేసరికి ఫిదెన్సియో లేచి కూర్చుని రొట్టెలో చిక్కుడుగింజలు చుట్టుకుని తింటున్నాడు. మీటరు రెండువందల అరవై అంది. హెర్మిలా అతని తల గుండెకి అదుముకుని భోరుమని ఏడ్చింది. చాప కింద దారాల జాడే లేదు.

"ఇన్నేళ్లూ ఎక్కువుందని తిట్టావు, ఇప్పుడు ఎక్కువుందని ఏడుస్తున్నావా? నీతో వేగలేమే," అని నవ్వి, మిగిలిన దిమ్మ చిదిపి ఆమె నోట్లో పెట్టాడు.

నమిలింది. మట్టి. ఇంకాస్త నమిలింది... మట్టే.

"ఇది పాడైపోయిందయ్యా."

అతను కొరికి చూశాడు. "తేనెలా ఉంది కదే!"

హెర్మిలా తన వేళ్ల వంక చూసుకుంది. నాకిన వేళ్లు. అదిమిన వేళ్లు. ఒళ్లంతా చల్లటి చెమట పట్టింది. మెల్లగా లేచి గోడ పక్కనున్న తన చాప దగ్గరికి వెళ్లింది. అంచు పట్టుకుని ఎత్తింది.

దారాలు లేవు. నేలలో నాలుగు వేళ్ల వెడల్పున ఒక గుంట ఉంది. దాని అంచులు అప్పుడే నాకినట్టు తడిగా ఉన్నాయి.