పడుగుకు మొదటి చేయి

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో తెల్లవారుతూనే పార్వతమ్మ వాళ్ల పడుగు పరిచారు. వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నూలు సాగదీసి, ఎండ ముదరకముందే గంజి పెట్టి కుంచెలతో దువ్వాలి. ఇంటికొకరు వచ్చి సాయం పడితేగానీ అయ్యే పని కాదు. అందరికంటే ముందు గంజిలో మునిగే చేయి మాత్రం సరోజమ్మది. ఆమె చేయి పడితే పోగు తెగదని ఆ వీధి నమ్మకం. ఎవరి పడుగైనా ఆమె వచ్చేదాకా ఆగేవాళ్లు.

ఆ రోజు ఆగలేదు. సరోజమ్మ కొంగు దోపుకుని గంజికుండ దగ్గరికి వచ్చేసరికి పార్వతమ్మ ముఖం తిప్పుకుంది.

"నిన్న ఆదోనికి పోయి అలసిపోయింటావు. ఇంట్లో ఉండుపోక్కా. ఈ పొద్దు మా కోడలు పెడతాదిలే."

ఆదోనికి పోయింది సరోజమ్మ ఒక్కతే కాదు, వీధి సగం పోయింది. అలసట మాత్రం ఆమెకేనట! సరోజమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు. మణికట్టు దాకా కాలి ముడతలు పడిన కుడిచేతిని కొంగులో దాచుకుని ఇంట్లోకి వచ్చేసింది. కాలిన ఇన్నేళ్లలో ఆ చేతిని ఆమె దాచుకోవడం అదే మొదలు.

ఇదంతా కొడుకు వెంకటేశులు రాసిన సినిమా పుణ్యం. వెంకటేశులు ఆమె కడుపున పుట్టినవాడు కాదు, ఆమె భర్త రంగన్నకు మొదటి భార్య వల్ల కలిగిన కొడుకు. నడక రాకముందే సరోజమ్మ ఒళ్లోకి వచ్చాడు, అమ్మా అనే పిలిచాడు. చిన్నప్పుడు బడి నుంచి ఒక పిల్లల నవల తెచ్చి, ఆమె నూలు కండెలు చుడుతుంటే పక్కన కూర్చుని చదివేవాడు. తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ పోయే పిల్లవాడి కథ అది. అందులో సవతితల్లి వాడికి సద్దిమూట కట్టిచ్చి, వాడు తిరిగొచ్చేదాకా గుమ్మంలో దీపం ఆరనివ్వదు. "ఆ దీపం కాడ మళ్లొకసారి సదువు దొరా," అని సరోజమ్మ ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు.

పెద్దయ్యాక మద్రాసు పోయి, సినిమా కంపెనీలో చేరి, ఆ నవలనే సినిమాగా రాశాడు. అది ఆదోనిలో ఆడుతోందని తెలియగానే "మా వెంకటేశులు రాసినాడు, అందరూ రావల్ల" అని ఇల్లిల్లూ తిరిగి వీధిని బస్సెక్కించింది సరోజమ్మే.

తెర మీద సద్దిమూట లేదు, దీపమూ లేదు. సరోజమ్మలాగే కొంగు దోపుకుని, సరోజమ్మలాగే "దొరా" అని పిలిచే సవతితల్లి ఒకతి, పసివాడి చేతిని కాగే గంజిలో ముంచింది. హాలంతా గొల్లుమంది. "నీ చేతులు పడిపోనూ!" అని వెనక నుంచి ఎవరో శపించారు. ఆట చూపించడానికి మద్రాసు నుంచి వచ్చిన వెంకటేశులు పొంగిపోయాడు, సీను పండిందనుకున్నాడు. పక్కనే ఉన్న అమ్మ ముఖం చూడాలని అతనికి తోచనే లేదు. తిరుగు బస్సులో మాత్రం పార్వతమ్మ గుసగుస అందరికీ వినిపించింది. "ఆ చేయి గంజి ఒలికి కాలిందని సెప్పె గదా. ఎట్ల ఒలికిందో ఎవురు సూసినారు?"

ఇప్పుడు సరోజమ్మ వట్టి చేతులతో తిరిగి రావడం చూసి రంగన్న మగ్గం గుంటలోంచి లేచి, ఇంట్లో కూర్చున్న కొడుకు వైపు తిరిగాడు.

"ఏమిరా, రాసేదానికి నీకు మీ అమ్మ తప్ప ఎవురూ దొరకల్యా?"

"అది సినిమా నాయనా. ఇంటిల్లిపాదీ రావల్లంటే ఏడుపుండాల అన్నారు. సవతితల్లి మంచిదైతే ఎవురూ ఏడవరంట."

"మరి దొరా అనే ఆ పిలుపు ఎవురిదిరా?"

వెంకటేశులు తల దించుకున్నాడు. సవతితల్లి అని కాగితం మీద రాయగానే కళ్ల ముందుకు వచ్చింది ఆమే. ఇంకొకరు అతనికి తెలియదు.

"నువ్వుండయ్యా," అని సరోజమ్మ కొడుకు ఎదురుగా కూర్చుంది. "దొరా, ఒక మాట అడుగుతా, నిజం సెప్పు. నేనెప్పుడన్నా నిన్నట్ల సేసినానా? నాకైతే గుర్తు లేదు. పనిలో ఇసిగి, యాష్టకొచ్చి ఒకటీ అరా కొట్టింటా. పసోనివి, నీ మనసులో ఏం నాటుకుందో నాకేం తెలుసు? అట్ల సేసింటే సెప్పు, నీ కాళ్లు పట్టుకుంటా."

తిడితే బాగుండేది. తిట్లకు జవాబులు సిద్ధం చేసుకునే కూర్చున్నాడు. ఈ మాటకు మాత్రం అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. లేచి, వద్దు వద్దంటున్నా వినకుండా, ఆమె చేయి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చాడు. కుంచెలు పట్టుకున్నవాళ్లంతా ఆగిపోయారు.

"పార్వతమ్మత్తా, ఎట్ల ఒలికిందో నేను సెప్తా. వద్దన్నా వినక పొయ్యి గట్టు ఎక్కి గంజికుండ లాగింది నేను. అమ్మ చేయి అడ్డం పెట్టింది. నాయన నన్ను సంపుతాడని, తానే ఒలకబోసుకుంటినని మీ అందరికీ సెప్పింది." రెండు చేతులూ చాచాడు. "సూడండి, నాకు ఒక్క మచ్చన్నా ఉందా? ఈ కత తెలిసి కూడా అట్ల రాస్తినే, సిగ్గులేనోన్ని!"

రంగన్న గుమ్మం దిగి వచ్చి ఒక కుంచె అందుకున్నాడు. పార్వతమ్మ కొంగుతో కళ్లొత్తుకుని గంజికుండను సరోజమ్మ వైపు జరిపింది.

"గంజి సల్లారిపోతాంది. పెట్టక్కా."

సరోజమ్మ కాలిన చేతినే ముంచింది. పడుగు మీద గంజి పడింది. వెంకటేశులు అవతలి పక్క కుంచె పట్టుకున్నాడు. సాయంత్రం ఆదోనిలో మళ్లీ ఆట ఉంది. మళ్లీ ఎవరో ఆ చేతులను శపిస్తారు. దాన్ని ఆపడం ఇక అతని వల్ల కాదు. అది తలుచుకుని తలెత్తలేకపోయాడు.

"దొరా," అంది సరోజమ్మ మెల్లగా, "ఆ దీపం కాడ ఒకసారి సదువు."

పుస్తకం లేదు. అవసరమూ లేదు. కుంచె లాగుతూ, వీధంతా వినేట్టు మొదలుపెట్టాడు.

"పొద్దు గూకింది. పిల్లోడు ఇంకా రాలేదు. ఆ తల్లి దీపంలో నూనె పోసి, గుమ్మంలోనే కూర్చుంది..."