హీట్‌సింక్ కింద పొర

ఉదయం పదిన్నరకు మెసేజ్ వచ్చింది: "భోజనం అయిందా?" హెడ్‌క్వార్టర్స్ కోడ్ అది. ప్రాణాలతో ఉన్నావా అని అర్థం. "అయింది" అని కొట్టాడు ఏజెంట్ రాయమల్లు. రాయమల్లు కూడా అసలు పేరు కాదు. మంచిర్యాలలో సీసీ కెమెరాల రిపేర్ షాపు పెట్టి పదకొండు నెలలైంది. అసలు పేరుతో పిలిచే మనిషి ఒక్కరూ లేరు.

వెంటనే చీఫ్ లైన్‌లోకి వచ్చాడు. మధ్యాహ్నం రెండున్నరకు మిసైల్ విడిభాగాల రైలు గోదావరి వంతెన ఎక్కుతుంది. విదేశీ ముఠా దాన్ని లైవ్‌లో చూడబోతోంది. చూపించేది మమతారాణి, మన మనిషిగా ఉంటూనే వాళ్లకు అమ్ముడుపోయిన డబుల్ ఏజెంట్.

"ఆమె లింక్ తెరవాలి. అప్పుడే అవతలివాళ్ల అడ్రస్ దొరుకుతుంది. మాకు అయిదు నిమిషాలు చాలు. రైలు బొమ్మ మాత్రం ఒక్కటీ పోకూడదు."

ఆమె ఫొటో వచ్చింది. రాయమల్లు చాలాసేపు చూశాడు. తన ఎదురు షాపులో బొటిక్ నడిపే మనిషి. ఈ ఊళ్లో ఏ కోడూ లేకుండా రోజూ "తిన్నవా?" అని అడిగేది ఆమె ఒక్కతే.

పన్నెండింటికి ఆమే వచ్చింది. నల్లకళ్లద్దాలు, సెంటు వాసన, చేతిలో ఎఫ్‌పీజీఏ బోర్డు. ఏ పని చెబితే ఆ పనికి తగ్గట్టు లోపలి సర్క్యూట్‌నే మార్చుకునే చిప్ ఉంటుంది అందులో. ఆ లెక్కన దానికీ రాయమల్లుకూ పెద్ద తేడా లేదు.

"మల్లన్నా, జర జల్ది చూడు. ఫ్యాన్ తిరుగుతలే, కెమెరా వస్తలే. కాలేజీ ప్రాజెక్టు."

ఊళ్లో ఇలాంటి బోర్డు విప్పగలిగేది అతనొక్కడే. వేరే దిక్కులేక వచ్చింది.

కెమెరా రిబ్బన్ కేబుల్ తిరగబడి ఉంది. సరిచేసి నొక్కాడు. స్క్రీన్ మీద మొదట కనిపించింది అతని మొహమే, వెనక ఖాళీ గోడతో. ఆ బొమ్మ అతనికి నచ్చలేదు. కొత్త ఫ్యాన్ బిగించాడు. చిప్ వేడిని పైనున్న హీట్‌సింక్ అనే లోహపు రెక్కలకు అందించే థర్మల్ ప్యాడ్ కూడా కొత్తది వేశాడు. వేసే ముందు దాని మీది ప్లాస్టిక్ పొర తీసేయాలి. తీయలేదు. ఫ్యాన్ హాయిగా తిరుగుతుంది, వేడి మాత్రం చిప్‌లోనే ఉండిపోతుంది. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ. అతని లెక్క ప్రకారం బోర్డు ఆయుష్షు పది నిమిషాలు.

మళ్లీ ఆగితే పరేషాన్ అవుతుందని ఆమె అతన్నీ వెంట రమ్మంది.

వంతెన పక్క మేడ మీద కెమెరాను పట్టాలవైపు తిప్పి, రెండూ ఇరవైకి లింక్ తెరిచింది. స్క్రీన్ మూలన చిప్ వేడి కనిపిస్తోంది. డెబ్బై. ఎనభై మూడు. రాయమల్లు జేబులో ఫోన్ రెండుసార్లు అదిరింది: అడ్రస్ దొరికింది. అంతలో ఇంజన్ కూత. తొంభై ఎనిమిది. చిప్ ఇంకా బతికే ఉంది. లెక్క తప్పానేమో అనుకున్నాడు. ఇంజన్ ముక్కు ఫ్రేమ్ అంచుకు రాబోతుండగా నూరు దాటింది. స్క్రీన్ నల్లబడింది.

ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. ఆమె దాన్ని చూసింది, తర్వాత అతన్ని చూసింది. అంతా అర్థమైంది. అప్పటికే పోలీసులు మెట్లెక్కి వస్తున్నారు.

"నీకు డబ్బ తెచ్చిన. కింద కార్ల ఉన్నది," అంది వాళ్ల మధ్య దిగిపోతూ. "పొద్దుగాల సంది నువ్వేం తిన్నట్టు లేవు."

గెలిచినందుకు సంతోషించాల్సింది. రాయమల్లుకు ఏడుపొచ్చింది.

అతను కిందికి వెళ్లేసరికి జొన్నరొట్టెల డబ్బాకు సాక్ష్యం కింద సీలు వేసేశారు. ఫోన్ మోగింది: "భోజనం అయిందా?"

ఖాళీ కడుపుతోనే "అయింది" అని కొట్టాడు.