చెలెస్తా మెడ మీది నీడ

పొద్దు గూకాక కొండకింది రేవు వైపు మోంతెసెర్రా ఊరి ఆడవాళ్లు తొంగి కూడా చూడరు. అక్కడి రాతి తొట్టిలోనే చెలెస్తా శవమై తేలింది.

అంతకు వారం ముందు, దేశాలు తిరిగే ఫ్రెంచి చిత్రకారుడొకడు ఆ తొట్టి గట్టు మీదే ఆమెను కూర్చోబెట్టి, తలగుడ్డ తీయించి, నీటిరంగుల్లో బొమ్మ గీశాడు. ముఖానికీ మెడకీ మాత్రమే రంగులు. కింద ఒట్టి పెన్సిలు గీతలు. ఆ బొమ్మ ఊరి ఆడవాళ్లందరి చేతులూ మారి, చివరికి అతని సంచిలో వెళ్లిపోయింది.

ఆ రంగులవాడే ఆమె ప్రాణాన్ని కాగితంలోకి పీల్చుకుపోయాడని ఊరు తేల్చేసింది. ఆమె మొగుడు తిబుర్జియోని చూసి అయ్యో పాపం అంది. ఏడాది తిరక్కుండానే అతనికి అదే ఊరి పిల్ల మెనికాను ఖాయం చేసింది.

ఆదివారం పెళ్లి. రెండు రోజుల ముందు మెనికా రేవులో పెళ్లి దుప్పటి ఉతుకుతుంటే పక్కవాళ్లు ఊరుకుంటారా?

“ఏమే, సవతి తొట్టిలో నానబెట్టావు... దీవెన కోసమా?”

“దీవిస్తే దీవించనీ. మీలా దిష్టి పెట్టదుగా!”

ఆ నవ్వుల్లో దుప్పటి అక్కడే మరిచిపోయింది. గుర్తొచ్చేసరికి చీకటి పడింది.

“తెల్లారి తెస్తానమ్మా...”

“తెల్లారేసరికి మేకలు తొక్కేస్తాయి. పోవే!” అంది తల్లి అస్సుంత.

వెన్నెల. నీళ్ల చప్పుడు. మెనికా దుప్పటి అంచు పట్టుకుని లాగింది... రాలేదు. మళ్లీ లాగింది —

అవతలి అంచు ఎవరో పట్టుకున్నారు.

చెలెస్తా! ముఖం నిండా రంగులు... భుజాల కింద సన్నటి గీతలే. ఆ గీతల్లోంచి వెనకున్న రాళ్లు కనిపిస్తున్నాయి.

“అందరూ చూశారు...” గుసగుసగా అంది. “నువ్వూ చూశావు... మళ్లీ చూడు.”

గడ్డం పైకెత్తింది.

మెడ మీద నీలం. బొమ్మలో చూసినప్పుడు నీడ అనుకుంది మెనికా. నీడకి వేళ్లుంటాయా? నాలుగు వేళ్లు ఒక పక్క... బొటనవేలు ఒక పక్క...

దుప్పటి వదిలేసి పరుగెత్తింది.

“అమ్మా! రంగులవాడు కాదు... తిబుర్జియోనే చంపాడు! అతని వేళ్ల గుర్తులు అప్పటికే ఆ బొమ్మలో ఉన్నాయి... నేనీ పెళ్లి చేసుకోను!”

అస్సుంత పిండి పిసుకుతూనే ఉంది.

“బొమ్మ నా చేతికొచ్చిన రోజే చూశాను. కళ్లు నీకొక్కదానికే ఉన్నాయా?”

“చూసి... నన్ను ఇస్తానన్నావా?”

“ద్రాక్షతోట ఉన్నవాడు మనింటికి మళ్లీ మళ్లీ రాడు. ఆ చెలెస్తా నోరు చేసుకునేది. నువ్వు చేసుకోకు. పో, పడుకో.”

మెనికా గదిలోకి వెళ్లింది. వెనకే తలుపు పడింది.

బయటి నుంచి అస్సుంత గడియ పెట్టింది.