నీళ్లల్లకు పోయిన తాడు

"ఇసుకల గవ్వలు ఏరుదమ రావే,
సెలిమల నీళ్లు తోడుదమ రావే…"

చిన్నప్పుడు వాగు ఇసుకల సెలిమలు తవ్వి ఆడుకుంట పాడెటోళ్లం. ఆ తర్వాతి ముక్క ఎంత తలుసుకున్నా యాదికి వస్తలేదు. సముద్రం సూసిననాడు కూడా గీ రెండు ముక్కలే పాడి ఆగిన. మా మనుమరాలు పకపక నవ్వింది.

"నానమ్మా, నీ పాట సగమే డౌన్‌లోడ్ అయింది."

మాది సిద్దిపేట, మగ్గాలు నేసిన ఇల్లు. ఈ ఎండకాలం చీరాలల చుట్టాల పెండ్లికి పోయినం. నేను, నా కొడుకు సుధాకర్, వాని బిడ్డ దీక్షిత. పిల్లకు ఎనిమిదేండ్లు. నాకు ఈ ముసలితనంల అక్షరాలు దిద్దిపిచ్చింది అదే. మాతోని సకినం కూడా వచ్చింది. సకినం అంటే తినేది కాదు, మా కుక్క. తోక సకినం లెక్క సుట్టుకొని ఉంటదని పిల్లనే ఆ పేరు పెట్టింది.

పెండ్లి అయినంక సముద్రం సూపెట్టు కొడుకా అని నేనే అడిగిన. పోయి నిలవడి సూసిన. అవుతలి ఒడ్డు లేని చెరువు. గిన్ని నీళ్లు ఎవరు నింపిన్రో, ఎందుకు నింపిన్రో…

పొద్దు గూకుతుండె. కారు చక్రం ఇసుకల కూరుకపోతే సుధాకర్ దాంతోని కుస్తీ పడుతుండు.

"దూరం పోకున్రి అమ్మా" అన్నడు.

"నీ కారు ఎట్లా పోదు, మేమన్న పోతం తియ్" అన్న.

పిల్ల గవ్వలు ఏరుకుంట, సకినం ముంగట ఉరుక్కుంట, ఒడ్డు పొంటి నడిసినం. కాల్చిన మక్కకంకుల వాసన ఎనుకకు పోయింది. జనం కేకలు ఎనుకకు పోయినయి. ఇగ ఉప్పు వాసన, కుళ్లిన వల వాసన, నీళ్ల సప్పుడు. అల వచ్చేటప్పుడు గుర్రుమంటది. పోయేటప్పుడు ఎవరో లోపలికి ఊపిరి పీల్చినట్టుంటది.

గాడ ఒక ఆడామె కూసున్నది. నా కొడుకు ఈడుది. చీర అంచు తడిసింది. చేతిల ఒక తాడు. తాడు కొస నీళ్లల్లకు పోయింది. బిర్రుగ ఉన్నది, అవుతల ఏదో గుంజుతున్నట్టు.

"ఏంది బిడ్డా, బర్రెను కడుగుతున్నవా?"

"మా కుక్కండీ, బామ్మగారూ. దానికి నీళ్లంటే ఇష్టం."

సముద్రం దిక్కు సూసిన. కుక్క తల ఎక్కడ కనవడలేదు.

"దిగి ఎంతసేపాయె?"

"పొద్దున దిగిందండీ."

నాతోని పరాచికాలు ఆడుతుందనుకున్న. సకినం మొరగలేదు. దాని తోక మెల్లగ విప్పుకొని కాళ్ల నడుమకు పోయింది.

"ఏ ఊరండీ మీది?"

అడిగితే చెప్పకుంట ఉండుడు మాకు రాదు. బస్సుల పక్కన కూసున్నోళ్లకు సుత ఇంటిపేరు కాన్నుంచి చెప్తం. సిద్దిపేట అన్న. కొడుకు పేరు చెప్పిన. మగ్గాలు అమ్ముకున్న సంగతి చెప్పిన.

"పాప పేరు?"

"దీక్షిత."

ఆమె సముద్రం దిక్కు తిరిగింది. లోపలున్నోళ్లకు చెప్పినట్టు మెల్లగ అన్నది.

"దీక్షిత… అట."

తాడు వదులైంది.

నీళ్లల్లకెళ్లి పిలుపు వచ్చింది. "దీక్షితా…" ఆమె నోరు మూసుకొనే ఉన్నది. అది నా గొంతు. అచ్చం నా గొంతే…

"ఆ, నానమ్మా" అన్నది పిల్ల.

గవ్వలు కిందవడ్డయి. పిల్ల నీళ్లల్లకు నడిసింది. మడిమలు… పిక్కలు… మోకాళ్లు…

"దీక్షితా! ఆగు!"

తిరగలేదు. అక్కడ నా గొంతే, ఇక్కడ నా గొంతే. పిల్ల ఏ గొంతు ఇనాలె? ఉరుకబోయి ఇసుకల కూలవడ్డ. సకినం ఉరికింది. గౌను అంచు పండ్లతోని పట్టి ఎనుకకు గుంజుతుంది. దాని కాళ్లు జారుతున్నయి. నీళ్లు పిల్ల నడుము దాక వచ్చినయి…

బడిలనే దీక్షిత. ఇంట్ల పిల్లకు మా అత్త పేరు. అది నోట్లకెళ్లి దానంతల అదే వచ్చింది.

"కొండవ్వా! నా తల్లీ, కొండవ్వా!"

పిల్ల ఆగింది. నిద్ర లేసినట్టు తిరిగి సూసింది. బోరున ఏడ్చింది. పాక్కుంట పోయి చెయ్యి అందుకున్న. నేను ఒక దిక్కు, సకినం ఒక దిక్కు, ఒడ్డుకు గుంజినం.

ఆమె లేవలేదు. మా ఎంట పడలేదు. కూసున్న జాగలనే కూసోని మర్యాదగ ఒక్క మాట అన్నది.

అల గుంజిందని సుధాకర్‌కు చెప్పిన. ఆ మాట మాత్రం చెప్పలేదు.

సిద్దిపేట వచ్చి ఇరవై దినాలాయె. పిల్లను ఏ పేరుతోని పిలువొద్దని ఇంట్ల అందరికి ఒట్టు పెట్టిన. ముసలిదానికి మతి పోయిందనుకుంటున్నరు. అనుకోనియ్యి.

నిన్న మాపటికి నల్లా వచ్చింది. బిందె నిండుతుంటే పిల్ల రాసుకునే పుస్తకంల నుంచి తల ఎత్తింది.

"ఆ… వస్తున్న" అన్నది.

ఇంట్ల ఎవరం పిలువలేదు. సకినం లేసి పిల్లకు అడ్డం నిలవడ్డది. నేను పోయి నల్లా బందు పెట్టిన. చెవుల ఆమె మాటనే తిరుగుతుంది. ఆనాడు నవ్వుకుంట అన్నది కదా…

"ఓహో… ఇంట్లో అలా పిలుస్తారా, బామ్మగారూ?"