లెక్కలో వేయని బరువు

“ఈ షాక్ అబ్జార్బర్లు ఎవరు వేశారండీ?” అని జీపు కింద నుంచే పకపకా నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

“నేనే వేశాను.”

బయటికి వచ్చి చూస్తే జీపు తెచ్చిన అమ్మాయి చేతిలో ఇంకా స్పానర్ ఉంది.

“వేయడం బాగానే వేశారు” అన్నాను సర్దుకుని. “కానీ ఇవి మామూలు ఎత్తు జీపువి. మీ బండిని ఎవరో రెండున్నర అంగుళాలు లిఫ్ట్ చేశారు. ఎదిగిన కుర్రాడికి చిన్నప్పటి నిక్కరు తొడిగినట్టుంది. గుంతలోకి చక్రం దిగిన ప్రతిసారీ షాక్ చివరిదాకా సాగి టక్కుమని కొట్టుకుంటుంది.”

“ఆ టక్కుకే నా కొంప మునిగింది” అంటూ ఆమె వెనక తలుపు తెరిచింది.

గుప్పున తేనె వాసన. నేలంతా జిగురు. ఆమె తేనెటీగలు పెంచుతుందట. కిందటి వారం పెట్టెలు కొండ మీదకు తీసుకెళ్తుంటే దారిలో తేనెపట్లు విరిగి, తేనె కారి, ఈగలు అందులోనే మునిగిపోయాయట.

“ఇంకొక్కసారి ఇలా అయితే పెట్టెలూ జీపూ అమ్మేసి అన్నయ్య ఆఫీసులో కూర్చోమంది అమ్మ. సరేనని మాటిచ్చాను. కొండ మీద పూలు పూశాయి, ఎక్కువ రోజులుండవు. ఈసారి ఒక్క పట్టు కూడా విరక్కూడదు. మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే గట్టివి వేయండి.”

“గట్టివి వేస్తే గులకరాయి ఎక్కినా ఈగలకి తెలుస్తుంది. మెత్తవి వేద్దాం.”

“ఇంత ఎత్తు బండికి మెత్తవా? మలుపులో ఒరిగిందంటే పెట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి.”

“బిగించేది నేనండీ.”

“కుట్టించుకునేది నేను!”

షెడ్డు యజమాని మా మామయ్యే. టీ గ్లాసు కింద పెట్టి తీర్పు చెప్పాడు. “ఒరేయ్ బస్తా, నువ్వన్నదీ నిజమే, ఆ అమ్మాయి అన్నదీ నిజమే. పొడుగు షాక్స్‌లో నాబ్ తిప్పి గట్టిదనం మార్చుకునేవి ఉన్నాయిగా. అవి తెప్పించు.”

“బస్తానా?” అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

నా ఒళ్ళు చూశాక ఆ పేరెందుకొచ్చిందో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. తేలు కుట్టిన దొంగలా టేపు పట్టుకుని మళ్ళీ జీపు కింద దూరాను.

చక్రాన్ని వేలాడదీస్తే ఎంత జారుతుందో, బరువు పడితే ఎంత కుంగుతుందో కొలిచి, సరిపోయే పొడవు చూసి తెప్పించాను. బిగించాక అసలు పని మొదలైంది. ఖాళీ తేనెపెట్టెల్లో బరువుకి ఇటుకలు పేర్చి, పైన పాత ఎండు పట్లు వేలాడదీసి, రోజూ కొండ దారిలో తిరిగాం. ఆమె నడిపేది. నేను వెనక పెట్టెల పక్కన కూర్చుని షాక్స్ చప్పుడు వినేవాణ్ణి. అక్కణ్ణుంచి అద్దంలో ఆమె కళ్ళు కూడా కనిపిస్తాయి, అది వేరే సంగతి.

“బస్తాగారూ, నిద్రపోయారా?”

“లేదండీ, వింటున్నా.”

“ఏం వినిపిస్తోంది?”

“మీరు క్లచ్ మీద కాలు తీయట్లేదని వినిపిస్తోంది.”

ఆమె కావాలనే నన్నో గుంతలో ఎగరేసింది. పట్టు విరగలేదుగానీ నా తల టాపుకి తగిలింది. మరోరోజు జల్లు పడింది. కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోతే ఇద్దరం తడిసి ముద్దయ్యాం. అయినా ఆమె బండి వెనక్కి తిప్పలేదు. “తడిస్తే ఆరతాం, పట్టు విరిగితే అతకదు” అంది. ఇదిగో, ఆ మొండితనానికే నేను పడిపోయాను. నాబ్ ఒక్కో క్లిక్కూ తిప్పుతూ, చివరికి ఎండు పట్టు ఒక్కటీ చిట్లని చోట ఆపాను. బండి అప్పగించి ఇంటికెళ్తే అన్నం సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం బ్రేకు కీచుమంది. ఆమె దిగిన తీరు చూసి మామయ్య లోపలికి జారుకున్నాడు.

“రేపు పొద్దున ఈగల్ని ఎక్కించాలి. చివరిసారి చూద్దామని ఒక్కదాన్నే వెళ్ళాను. బండి వెనక్కాళ్ళతో గెంతుతోంది! రెండు పట్లు చిట్లాయి. ఏం చేశారు మీరు?”

బండి కింద దూరి అన్నీ చూశాను. నాబ్ కదల్లేదు, బోల్ట్ వదులవలేదు, ఆయిల్ కారలేదు. వెనక ఎక్కి పెట్టెలు చూశాను. ఇటుకలన్నీ ఉన్నాయి. ఉసూరుమంటూ కిందికి దిగాను.

నేను దిగగానే జీపు వెనక భాగం వేలెడు పైకి లేచింది.

ఇద్దరం జీపుని చూశాం. తర్వాత ఆమె నన్ను చూసింది.

ఇటుకలు లెక్కేశాను, పెట్టెలు లెక్కేశాను. ఇంత శరీరాన్ని వెనక పెట్టుకుని రోజూ తిరిగినవాణ్ణి, దాన్ని మాత్రం లెక్కలో వేయలేదు! నేనుంటేనే కుదిరేలా బిగించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

“అర నిమిషం పని. నాబ్ రెండు క్లిక్కులు తగ్గిస్తే...”

“వద్దు” అంది గట్టిగా. “కొత్త సెట్టింగ్‌ని ఈగల మీద పరీక్షించను. రేపు మీరూ రండి.”

తెల్లవారుతుండగా బయల్దేరాం. ముందు సీట్లో వాళ్ళమ్మ, ఒళ్ళో చేతులు బిగించుకుని. వెనక నేను, నా చుట్టూ గుయ్యిమంటున్న పెట్టెలు. ఒక ఈగ ఎలా బయటపడిందో ఏమో, నా బుగ్గ మీద కుట్టింది. కదిలితే బరువు పక్కకి మారుతుందని పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

పైన పూల మధ్య పెట్టెలు దించాం. వాళ్ళమ్మ ముఖానికి వల కట్టుకుని ఒక్కో మూతా తనే తీసింది. నా పక్కన నిలబడ్డ కూతురు ఊపిరి బిగబట్టి నా మోచేయి పట్టుకుంది, పట్టుకున్నట్టు తనకే తెలియదు. చివరి మూత కూడా మూసి, పెద్దావిడ వల పైకెత్తింది.

“ఒక్కటీ విరగలేదే. నీ పెట్టెలు నీవే, ఇక నేనేమీ అనను.”

ఆ అమ్మాయి అక్కడే కూలబడి ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి, ఉబ్బిన బుగ్గ వల్ల అనుకుంటారులే అని ధైర్యంగా వదిలేశాను.

ఇక నా పని అయిపోయింది. బండి కిందకి దూరి నాబ్ మీద చేయి వేశాను.

“ఏం చేస్తున్నారు?” ఆమె చెప్పులు నా తల పక్కన ఆగాయి.

“రెండు క్లిక్కులు తగ్గిస్తున్నా. తర్వాత మీకు నేను అక్కర్లేదు.”

“తిప్పకండి.”

“తిప్పకపోతే నేను లేనప్పుడు గెంతుతుందండీ.”

“అందుకే తిప్పొద్దంటున్నా.”

జీపు కింద ఒక సౌకర్యం ఉంది, ముఖం కనబడదు. ఆ ధైర్యంతోనే అనేశాను. “మీరంటే నాకు చాలా ఇష్టమండీ. జల్లులో బండి తిప్పనన్నారే, అప్పట్నుంచి.”

పైనుంచి వాళ్ళమ్మ గొంతు వినిపించింది. “ఏమే, అతన్ని ముందు బయటికి రానీ. వినాల్సిన మాట బండి కింద నుంచి వినడమేమిటి? బాబూ, ఆ బుగ్గకి మందు రాసుకోవాలి, మా ఇంటికొచ్చి వెళ్ళు. మీ మామయ్యని కూడా రమ్మను.”

బయటికొచ్చాను. ఆమె ముఖం ఎర్రగా ఉంది. నా ముఖం ఒకవైపు మాత్రమే ఎర్రగా, గుమ్మడికాయంత ఉంది. చూసి పకపకా నవ్వింది. ఆ రోజు నవ్వానుగా, సరికి సరి.

వాళ్ళమ్మ ఈసారి వెనక ఎక్కి కూర్చుంది. బండెక్కబోతూ నాకు అసలు సంగతి తట్టింది. “ఇప్పుడు పెట్టెలు లేవు కదండీ. నేనున్నా గెంతుతుంది.”

“గెంతనీ” అంది, ముందు తలుపు తెరిచి పట్టుకుని.