ఎనిమిది మందికి దూరంగా

"ఇది ఎన్నికల అంచనా కాదు, పక్కవాడి పేపర్లో చూసి రాసిన జవాబు," అంది థియా నార్గార్డ్, వేయించిన చేపముక్కల పళ్ళాన్ని పక్కకు నెట్టి.

శుక్రవారం చేపల భోజనానికి వచ్చిన జనంతో అమెరికాలోని మాడిసన్ నగరంలో ఆ హోటలు కిటకిటలాడుతోంది. ఎదుట కూర్చున్న ఎల్లిస్ హాల్వర్సన్ చెవులు ఎర్రబడ్డాయి. ఇద్దరూ రాజనీతి శాస్త్రజ్ఞులే. అధ్యక్ష ఎన్నికలకు రెండు నెలల ముందు తొమ్మిది మంది పండితుల అంచనాలను ప్రచురించే పత్రికకు ఆమె సంపాదకురాలు. ఆ తొమ్మిది మందిలో అతడే చిన్నవాడు. ఆ సాయంత్రమే ఆఖరి గడువు. అచ్చయిన అంకెను మార్చుకునే హక్కు ఎవరికీ లేదు.

"అధికార పక్షానికి నలభై ఎనిమిది శాతమని జూలైలో పంపావు. ఇవాళ యాభై ఒకటిన్నర అంటున్నావు. మధ్యలో కొత్త ఆధారమేమైనా దొరికిందా?"

"లేదు. మిగతా ఎనిమిది మందీ యాభై ఒకటి పైనే ఉన్నారు. వాళ్ళతో కలిసి తప్పితే ఎవరూ పట్టించుకోరు. ఒక్కణ్ణే తప్పితే నా ఉద్యోగం పర్మనెంటు చేస్తారా?"

"చెయ్యకపోవచ్చు."

"కాస్త ధైర్యం చెప్పొచ్చుగా, మేడమ్!"

"అబద్ధాలు నీకు బాగా వచ్చినట్టు నాకు రావు."

అతడు నవ్వబోయి ఆగిపోయాడు. ప్రేమిస్తున్నానని ఆమెతో చెప్పాలని మూడు శుక్రవారాలుగా తంటాలు పడుతున్నాడు. పిరికివాడని ఆమె తేల్చేసుకున్నాక ఆ మాటకు విలువేముంది? ఫోను తీసి, నలభై ఎనిమిదినే మళ్ళీ పంపాడు.

నవంబరులో అధికార పక్షానికి యాభై రెండు శాతం వచ్చింది. జాతి ఏకకంఠంతో పలికిందని దినపత్రికలు రాశాయి. ఓటు వేసినవారిలో దాదాపు సగం మంది కాదన్నారు. కోట్లాది మంది ఇల్లు కదలనే లేదు. వినబడిన ఆ ఏకకంఠం ఎవరిదో ఆ విజ్ఞులకే తెలియాలి!

ఎల్లిస్ మాత్రం ఫలితాలపై థియా పత్రికకు పంపిన వ్యాసాన్ని ఇలా మొదలుపెట్టాడు: "నా అంచనా తప్పింది. ధరల మీది కోపం ఓటుగా మారుతుందని అతిగా నమ్మాను."

చదివిన వెంటనే థియా అతడి గదికి వచ్చింది.

"ఓడిపోయాను, థియా. ఉద్యోగమూ పోవచ్చు."

"పోటీ చేసింది నువ్వు కాదు, మహానుభావా! ఉద్యోగం పోతే ఇద్దరం ఇంకో ఊరు వెతుక్కుందాం."

"ఇద్దరమా?" అతడు కుర్చీలోంచి లేచాడు. "నువ్వంటే నాకు ప్రాణం. నువ్వేమంటావో మాత్రం ఊహించలేను."

"ఇన్నాళ్ళకి తెలివిగా మాట్లాడావు." ఆమె అతడి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి నిన్ను తీసుకొస్తానని అమ్మతో చెప్పా. లెక్క తప్పినవాడని కూడా చెప్పా."

"ఏమంది?"

"బంగాళాదుంపలు మెత్తగా మెదపడం వచ్చా అంది."

"వచ్చని చెప్పు."

"చెప్పేశా. రాకపోతే ఇంకా వారం ఉంది, నేర్చుకో."