లైట్‌హౌస్ తాతను ఎవరు బలపరిచారు?

మోరాన్ బజారులో నువ్వులనూనె తీసే కొట్టు మీది గదిలో ఉంటుంది డిటెక్టివ్ తాక్ జేవన్ ఆఫీసు. కింద నువ్వులు వేయించినప్పుడల్లా ఆ వాసన మెట్లెక్కి వచ్చి ఫైళ్ళకూ కుర్చీలకూ పట్టుకుంటుంది. వచ్చినవాళ్ళంతా ముందు ఆ వాసన గురించే మాట్లాడతారు. ఆ మంగళవారం ఉదయం వానలో తడిసి వచ్చిన అమ్మాయి మాత్రం దాన్ని గమనించనే లేదు. తలుపు దగ్గరే నిలబడి, గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండు చేతులతో పట్టుకుంది.

తాక్ సహాయకురాలు బోరా గొడుగు అందుకుని, బార్లీ టీ పోసి ఇచ్చింది.

"గురువారం నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు సార్," అంది ఆ అమ్మాయి. "నేను చెయ్యని పనికి."

ఆమె పేరు ప్యో ఉన్‌సోల్. పాంగ్యోలోని ఒక గేమ్ కంపెనీలో పని. ఫోన్లలో ఆడుకునే 'ఏడు రేవులు' అనే కార్డుల ఆటలో ఏ కార్డుకు ఎంత బలం ఉండాలో చూసే జట్టులో ఆమె ఒకరు.

"ఎవరూ ఆడని కార్డులు కొన్ని ఉంటాయి సార్. వాటిని వెతికి కొంచెం కొంచెం బలం పెంచుతాం. లేకపోతే అందరూ ఎప్పుడూ అవే పది కార్డులు పట్టుకుని ఆడతారు. పోయిన బుధవారం అలాంటి మార్పులు విడుదల చేశాం. అందులో మేమెవరం అనుకోని మార్పు ఒకటి ఉంది. లైట్‌హౌస్ తాత అనే కార్డు ధర ఐదు నుంచి నాలుగుకి దిగింది."

"ఒక్క అంకె తగ్గితే ఏమవుతుంది?" అన్నాడు తాక్.

బోరా ఇక ఆగలేకపోయింది. ఆమె ఆ ఆట ఆడుతుంది, కాకపోతే ఎప్పుడూ అట్టడుగు మెట్టు మీదే. "నేను చెబుతాను సార్! కార్డు దించాలంటే దాని ధరంత శక్తి ఖర్చవుతుంది. మన మొదటి వంతులో ఒక శక్తి వస్తుంది, వంతుకొకటి చొప్పున పెరిగి ఐదు దగ్గర ఆగిపోతుంది, అంతకు మించి రాదు. తాత దిగిన వంతులో ఎదుటివాడి పడవలు కదలవు. ఇక అలల పాప అని ఇంకో కార్డు ఉంది, దాని ధర ఒకటి. ఆ పాప బల్ల మీదున్న ఒక కార్డుని వెంటబెట్టుకుని మళ్ళీ మన చేతిలోకి వచ్చేస్తుంది. తాత ధర ఐదుంటే ఇద్దరినీ ఒకే వంతులో దించలేం. నాలుగైతే దించొచ్చు. ప్రతి వంతులోనూ!"

"అంటే ఎదుటివాడు ఇక కదలలేడు."

"శనివారం బూసాన్‌లో ఈ ఆట పోటీ ఫైనల్లో అదే జరిగింది," అంది ఉన్‌సోల్. "ఒకబ్బాయి ఈ కిటుకు కనిపెట్టి దాచుకున్నాడు. ఎదుటివాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జనం అరిచారు. ఆట మధ్యలో ఆపేశారు. మా దగ్గర వెతికితే ఆ మార్పు విడుదలకు ముందు శుక్రవారం భోజనాల వేళ నా పేరుతో, నా కంప్యూటర్లోంచి జరిగినట్టు ఉంది. ఆ సాయంత్రమే మార్పుల జాబితాకు తాళం పడింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ మార్చలేరు."

"మీరు అప్పుడు ఎక్కడున్నారు?"

"నూడుల్స్ కొట్టులో. అందరికంటే ముందు నేనే వెళ్ళి బల్ల పట్టాను. జట్టులో మిగతా ముగ్గురూ ఆలస్యంగా వచ్చారు. ఒకళ్ళు గొడుగు మర్చిపోయామన్నారు, ఒకళ్ళు ఫోనన్నారు, ఒకళ్ళు పంటి డాక్టరన్నారు. కొట్టులో రద్దీగా ఉంది, నన్ను చూశామని చెప్పేవాళ్ళు లేరు."

"కంప్యూటర్ తెరిచే వదిలేశారా?"

ఆమె తల దించుకుంది. "పరీక్ష ఆటలు ఆడేది దాని మీదే సార్. ఎవరు పడితే వాళ్ళు వచ్చి కూర్చుంటారు. అలా వదలకూడదని కంపెనీ రూలు. ఆ మాట బయటపెడితే అందరికీ దెబ్బే. అందుకే ఎవరూ నోరు విప్పడం లేదు." ఆమె టీ కప్పు పక్కన పెట్టింది. "ఆటలో మోసం చేసిందన్న పేరు పడితే ఈ పనిలో నన్ను ఇంకెవరూ తీసుకోరు. నాకు వేరే పని రాదు."

తాక్ లేచి కోటు తీసుకున్నాడు.

*

ఆ గేమ్ కంపెనీ డైరెక్టర్ ఛూ తాక్‌నూ బోరానూ మర్యాదగానే కూర్చోబెట్టింది. గురువారం విచారణకు ఉన్‌సోల్ తన తరఫున ఎవరినైనా తెచ్చుకోవచ్చని చెప్పింది. నమ్మకం మాత్రం ఆమె గొంతులో లేదు.

"ఆ కార్డుకు ఇప్పుడు బలం ఎందుకండీ?" అంది. "డిసెంబరులో ఎలాగూ గోదాములోకి పోయేదే."

"గోదామంటే?"

"ఏడాదిలో బాగా తక్కువగా ఆడిన కార్డులను ఆటలోంచి తీసి పక్కన పెట్టేస్తాం. ఎన్నిసార్లు ఆడారన్నదొక్కటే చూస్తాం, గెలుపోటములు చూడం. ఆ శుక్రవారానికి ముందురోజు, గురువారం, నేనూ టీం లీడర్ గుమ్ తేసిక్ గారూ కూర్చుని ఆ నిర్ణయం రాశాం. ఆ తర్వాతి సోమవారం అందరికీ చెప్పాం. చిత్రకారిణి ఓక్ సెరిన్ ఆ మాట వినగానే లేచి బయటికి వెళ్ళిపోయింది. లైట్‌హౌస్ తాత బొమ్మ ఆమె వేసిందే."

తాక్ ఏమీ రాసుకోలేదు. బోరా మాత్రం సెరిన్ పేరు కింద గీత గీసింది.

తాక్ జట్టులోవాళ్ళను ఒక్కొక్కరినీ పిలిపించాడు. ముందు వచ్చినవాడు అంకెలు చూసే బోంగ్ గ్యుహో. ఉన్‌సోల్‌తోపాటు కార్డులను మార్చే హక్కు ఉన్నది ఇతనొక్కడికే. గొడుగు కోసం వెనక్కి వెళ్ళానన్నది ఇతనే.

"మీరైతే లైట్‌హౌస్ తాతను ఎలా బలపరుస్తారు?" అని అడిగాడు తాక్.

"ముట్టుకోను. మేం బలపరిచేది జనం ఆడనిదీ, ఆడినా గెలవనిదీ. ఈ తాతని ఆడేవాళ్ళు పిడికెడు మంది. కానీ ఆ పిడికెడు మందీ ముదుర్లు. ఆయన్నే నమ్ముకుని ఏళ్ళ తరబడి ఆడుతున్నారు, బాగానే గెలుస్తున్నారు. అలాంటి కార్డుకి బలం పెంచితే కొంప మునుగుతుంది." అతను బోరా వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వూ ఆడతావా? ఏ మెట్టు?"

"కంచు," అంది బోరా.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు."

"నిన్ను కూడా బలపరచాలి తల్లీ," అన్నాడు గ్యుహో. ఆ రోజు ఆ గదిలో ఎవరైనా నవ్వింది అప్పుడొక్కసారే.

ఓక్ సెరిన్ దవడ ఇంకా కొంచెం వాచి ఉంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు అంకెలు తెలీవు. నేను తాతకి గడ్డం గీశాను, లాంతరు గీశాను. కార్డు పుట్టించింది నామ్ హ్యోక్. పోయిన చలికాలం ఆస్పత్రిలో చనిపోయాడు. ఈ ఆటలో అతని చేతి కార్డు ఇంకేదీ మిగల్లేదు, ఇదొక్కటే. దాన్ని కాస్త బలపరచమని బతికుండగా ఎన్నిసార్లో అడిగాడు. 'పెన్షన్ తీసుకునే ముసలాడికి కండలెందుకోయ్' అని నవ్వేశాడు మా లీడరు. అందరి ముందూ."

"హ్యోక్ ఏ మార్పు అడిగాడో తెలుసా?"

"వాళ్ళిద్దరూ గది తలుపేసుకుని మాట్లాడుకునేవాళ్ళు. బయటికొచ్చాక చెప్పేవాడు కాదు. బాధపడేవాడు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "గోదాము సంగతి ముందే తెలిసుంటే డైరెక్టర్ గారి కాళ్ళ మీద పడేదాన్నండీ. మాకు చెప్పేసరికే అంతా అయిపోయింది."

చివర గుమ్ తేసిక్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో చల్లారిపోయిన కాఫీ.

"ఉన్‌సోల్ మంచి పిల్ల," అన్నాడు. "పొరపాటున వేలు తగిలుంటుందని నేను డైరెక్టర్ గారితో చెప్పాను. తీసెయ్యకుండా జీతం కోసి వదిలేస్తారేమో అడుగుతున్నాను."

"మీరైతే ఆ కార్డును ఎలా బలపరుస్తారు?"

"నేనా? లీడరయ్యాక మార్చే హక్కు వదిలేశాను. ఆట ఆడి కూడా రెండేళ్ళయింది. మీటింగులే నా ఆట."

"నామ్ హ్యోక్ మిమ్మల్ని ఏం అడిగేవాడు?"

గుమ్ కాఫీ కప్పు వైపు చూశాడు. "తాతని ఒక వంతు ముందు రానివ్వమనేవాడు. మూడేళ్ళయింది ఆ మాటకి. అప్పుడు ఒప్పుకోలేదు నేను."

తిరుగు బస్సులో బోరా ఉండబట్టలేక అడిగింది. "సెరిన్ గారే కదా సార్? ప్రేమ ఉంది, కోపం ఉంది."

"ప్రేమ ఒక్కరికే ఉందని ఎందుకనుకుంటున్నావ్?" అన్నాడు తాక్. "అలల పాప ఆటలోకి ఎప్పుడొచ్చింది?"

"ఈ వసంతంలో. తయారుచేసింది ఉన్‌సోల్ గారేనట."

తాక్ కళ్ళు మూసుకున్నాడు. ఆయన అలా కళ్ళు మూసుకున్నప్పుడు అడ్డు రాకూడదని బోరాకు తెలుసు.

*

గురువారం విచారణ గదిలో ఆరుగురు కూర్చున్నారు. తాక్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఉన్‌సోల్ తన సామాను సర్దుకున్న అట్టపెట్టెను కుర్చీ పక్కన పెట్టుకుంది.

"ఆ కంప్యూటర్ ముందు ఎవరైనా కూర్చోవచ్చు," అని మొదలుపెట్టాడు తాక్. "ఇక్కడున్న అందరికీ తెలిసిన సంగతే. చెప్పడానికి భయపడ్డారు. మీ భయం వల్ల ఒకమ్మాయి ఇక్కడ దోషిలా కూర్చుంది."

గ్యుహో చెవులు ఎర్రబడ్డాయి. "నిజమే," అన్నాడు నేల వైపు చూస్తూ. "నేనూ కూర్చుంటాను. రోజూ."

"అందుకని కంప్యూటర్ ఎవరిదన్నది పక్కన పెడదాం. మార్పునే చూద్దాం. తాత ధర నాలుగైతే అలల పాపతో కలిసి ఆటను బిగదీసేస్తాడు. ఆ పాపను తయారుచేసింది ఉన్‌సోల్. తను పుట్టించిన కార్డు ఖర్చెంతో, దాని పక్కన ఏది ప్రమాదమో ఆమెకంటే ఎవరికి తెలుసు? బలం పెంచాలనుకుంటే ఆమె వేరే దారి చూసేది. గ్యుహో రోజూ గెలుపు లెక్కలు చూసే మనిషి. ఈ కార్డును ముట్టుకుంటే కొంప మునుగుతుందని నాకు ఆయనే చెప్పారు. ఈ మార్పు చేసిన మనిషి మనసులో ఉన్నది నేటి ఆట కాదు, మూడేళ్ళ కిందటి ఆట. అప్పుడు అలల పాప లేదు."

తాక్ కిటికీ దగ్గర నుంచి బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇక ఎందుకు చేశారన్నది. గెలుపులతో పనిలేదు, ఎక్కువమంది ఆడితే చాలు, అదీ డిసెంబరు లోపల. గోదాములోకి పోకుండా కాపాడాలనుకునే మనిషికే ఆ తొందర. సెరిన్ గారికి ఆ ప్రేమ ఉంది. కానీ ఆమెకు గోదాము సంగతి సోమవారం తెలిసింది. జాబితాకు తాళం పడింది అంతకుముందు శుక్రవారం. ఆ శుక్రవారానికి గోదాము సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు డైరెక్టర్ గారు. నామ్ హ్యోక్ తలుపేసుకుని అడిగింది తాత ఒక వంతు ముందు రావాలని, అంటే ధర ఒకటి తగ్గాలని. ఆ మాట ఆమెకు తెలియదు."

అందరి చూపులూ గుమ్ తేసిక్ మీదికి తిరిగాయి.

అతను కాదనలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక వంతు ముందు వచ్చేలా చెయ్యి తేసిక్ అన్నా, చాలు అనేవాడు," అన్నాడు. "ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా ఫోన్లో అదే. నేను విడుదల పనిలో ఉన్నానని చెప్పి వెళ్ళలేదు. వారం తర్వాత వెళ్దామనుకున్నాను. వారం మిగల్లేదు. గోదాము కాగితం మీద ఆ కార్డు పేరు నేనే రాశాను, నా చేత్తో. మర్నాడు అందరూ భోజనానికి లేచారు. ఉన్‌సోల్ కంప్యూటర్ వెలుగుతూ ఉంది. ఐదు తీసి నాలుగు కొట్టాను. అంతే. ఇంత అవుతుందని అనుకోలేదు."

"అయ్యాక చెప్పొచ్చు కదా?" అంది డైరెక్టర్ ఛూ.

"జీతం కోతతో పోతుందనుకున్నాను. పాపం ఆ పిల్లకి తర్వాత ఏదైనా చేద్దామనుకున్నాను." అతను లేచి ఉన్‌సోల్ వైపు తల వంచాడు. నడుము దాకా వంగాడు. "నన్ను క్షమించు."

ఉన్‌సోల్ అతని వైపు సూటిగా చూసింది.

"సోమ, మంగళ, బుధ, మూడు రోజులూ నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు టీం లీడర్ గారూ. నేను తినలేకపోతుంటే మీ గిన్నెలోంచి గుడ్డు తీసి నా గిన్నెలో వేశారు. దాన్ని ఎలా క్షమించాలో నాకు తెలీదు. తెలిసినప్పుడు చెబుతాను."

ఆమె డైరెక్టర్ వైపు తిరిగింది. "తాతని మళ్ళీ ఐదుకి నేను మారుస్తాను. అది నా పని. కానీ గోదాములో పెట్టే ముందు నాకు కొంచెం టైం కావాలి. బలపరచడమంటే ధర తగ్గించడమొక్కటే కాదు. ఆయన్ని చేతిలోకి తీసుకోవాలని నలుగురికి అనిపించే కారణం ఏదో ఒకటి ఉంటుంది. హ్యోక్ అన్న అడిగింది కాకపోవచ్చు. ఇప్పటి ఆటకి సరిపోయేది."

డైరెక్టర్ ఛూ తలూపింది. "డిసెంబరు దాకా. నీ పేరు తుడిచినట్టు ఈ రోజే ప్రకటన వస్తుంది."

సెరిన్ ఆ అట్టపెట్టె ఎత్తుకుంది. గ్యుహో తలుపు తీసి పట్టుకున్నాడు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. వాళ్ళ వెనకే డైరెక్టర్ కూడా వెళ్ళిపోయింది.

గదిలో గుమ్ ఇంకా నిలబడే ఉన్నాడు. తాక్ కోటు తొడుక్కుంటుంటే అడిగాడు.

"హ్యోక్ ఉండగా ఆ ఒక్క వంతు ఇచ్చి ఉంటే... సరిపోయేది కదండీ?"

దీనికి ఏదో ఓదార్పు మాట చెబుతారేమోనని బోరా ఆయన ముఖం వైపు చూసింది.

"సరిపోయేది," అన్నాడు తాక్.

అద్దాల గోడకు అవతల ఉన్‌సోల్ కుర్చీ లాక్కుని కూర్చుంది. సెరిన్ ఆమె పక్కన ఖాళీ కాగితం పరిచి పెన్సిలు చెక్కుతోంది. "పరీక్ష ఆటకి ఎవరొస్తారు?" అని ఉన్‌సోల్ అడిగింది. గ్యుహో అప్పటికే చొక్కా చేతులు మడుచుకుంటూ ఎదురు కుర్చీలో కూర్చుంటున్నాడు.